గోడ రాల్చిన ఇసుక

డబ్బాని నిలబెట్టి తొక్కాలి. పడుకోబెట్టి తొక్కేవాళ్ళని తలుచుకుంటేనే ఆయనకి ఒళ్ళు మండుతుంది. ఆటల మైదానం వెనక గేటు దగ్గర, ఇంకా ఎండ పడని వేళ, ఎవరో బూటుకాలితో అడ్డంగా నొక్కి పారేసిన కూల్‌డ్రింకు డబ్బాని చేతిలోకి తీసుకుని, కుళ్ళిన పండుని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చేతగాని వెధవలు" అన్నాడు.

పక్కన ఎవరూ లేరు. ఎవరూ లేకపోయినా ఆ మాట అననిదే ఆయనకి తెల్లవారదు.

వీధిలో వాళ్ళు ఆయన్ని తొక్కుడాయన అంటారు. అది తనకిచ్చిన బిరుదని ఆయన నమ్మకం. సన్నటి మనిషి. మెడ ముందుకి సాగి, గడ్డం ఎప్పుడూ పైకెత్తి ఉంటుంది, ఎదుటివాడి నెత్తి మీద ఏదో మురికి ఉన్నట్టూ దాన్ని తను మాత్రమే చూస్తున్నట్టూ. కుడికాలికి తోలు బూటు, దాని మడమకి ఇనప నాడా. ఎడమకాలికి రబ్బరు చెప్పు. డబ్బాలు తొక్కేది కుడికాలు. రెండో కాలు ఊరికే వెంట వచ్చేది, దానికి బూటెందుకు? ఆయన నడుస్తుంటే టక్కుమనీ తపక్కుమనీ శబ్దం వస్తుంది. ఆ శబ్దం వినగానే టీ కొట్టు ముందు కూర్చున్నవాళ్ళు మాట మార్చేస్తారు. తన మీద గౌరవంతో అలా చేస్తారని ఆయన అనుకుంటాడు.

తొక్కడంలో మాత్రం ఆయనకి సాటి లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. డబ్బాని నిలబెట్టి, మూత మీది రింగుని పక్కకి తిప్పి, నాడా సరిగ్గా మధ్యలో ఆనించి ఒక్క తొక్కు తొక్కితే అది బిళ్ళలా అణిగిపోతుంది. జీవితమంతా ఒక మనిషికి ఇదొక్కటే చేతనైతే, ఆ ఒక్కటే లోకంలోకెల్లా గొప్ప పని అయిపోతుంది. ఆయనకీ అలాగే అయింది.

తాగి పారేసేవాళ్ళంటే ఆయనకి అసహ్యం. సగం తాగి వదిలేసేవాళ్ళు డబ్బు మదం పట్టినవాళ్ళు. చుక్క మిగలకుండా తాగేవాళ్ళు కక్కుర్తి మనుషులు. డబ్బాలో సిగరెట్టు పీక కుక్కేవాళ్ళు అడ్డగాడిదలు. ఎవరూ ఏమీ తాగకపోతే తన బతుకేమిటన్న ఆలోచన ఆ గడ్డం దాకా ఎప్పుడూ రాలేదు.

మైదానం ఊడ్చే ఆవిడ రాత్రి ఆట చూడ్డానికి వచ్చినవాళ్ళు వదిలిన డబ్బాలన్నీ ఏరి, ఒక మూల గోనెపట్టా కింద దాచి ఉంచుతుంది. వేరే ఎవరికీ ఇవ్వదు. ఇవాళ కూడా పట్టా ఎత్తి చూపించి, చీపురు చంకలో పెట్టుకుని నిలబడింది.

"అక్క ఎలా ఉందన్నా? మొన్న కనపడితే గోడ పట్టుకుని నడుస్తోంది."

"దానికేం, గుండ్రాయిలా ఉంది" అన్నాడు, వంగి డబ్బాలు బస్తాలోకి తోస్తూ.

ఊడ్చే ఆవిడ గోనెపట్టా మడిచి పక్కన పెట్టింది. ఆవిడ కానుపు రోజుల్లో పది పూటలు వచ్చి బిడ్డకి నీళ్ళు పోసి వెళ్ళింది తొక్కుడాయన అక్కే. ఆ డబ్బాలు దాచేది అక్క ముఖం చూసి. తన దర్జా చూసి దాస్తోందని తొక్కుడాయన లెక్క.

మలుపు దగ్గర కొత్తగా కడుతున్న మేడ ముందు ఇసుక రాశి ఉంది. కాపలావాడు గోడకి ఆనుకుని నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. తొక్కుడాయన బస్తా దించి, ఆ రాశి పక్కనే గొంతుక్కూర్చున్నాడు. ఇది ఆయన రోజువారీ పనిలో రెండో భాగం. డబ్బాని వంచి అడుగున మిగిలిన తీపి నీళ్ళు కారబోసి, ఇసుక రెండు గుప్పిళ్ళు లోపలికి జార్చి, నిలబెట్టి తొక్కి, రింగు కింది కంతని రాయితో కొట్టి మూసేస్తాడు. ప్రతి డబ్బాలోనూ పోయడు. అది ఆశపోతుల పని. కొన్నిట్లో పోస్తాడు, కొన్ని వదిలేస్తాడు. పైన ఎప్పుడూ వదిలేసినవే ఉండేలా బస్తా సర్దుతాడు. ఏళ్ళ తరబడి చేస్తున్నాడు. ఒక్కసారి కూడా దొరకలేదు.

ఇది దొంగతనమని ఎవరైనా అంటే ఆయన నవ్వేవాడు. దొంగ తను కాదు, కాటాయన. పాత సామాన్ల కొట్టు పెట్టుకుని, కాటా ముందు కాలు మీద కాలేసుకుని కూర్చునే ఆ బండ మనిషే దొంగ. ఈ చుట్టుపక్కల డబ్బాలు కొనే కొట్టు అదొక్కటే. అందుకే వాడి కళ్ళు నెత్తికెక్కాయి. మధ్యాహ్నం ఇంటికి మోసుకొచ్చేటప్పుడు భుజం కుంగిపోయేంత బరువుండే బస్తా వాడి కాటా మీద పెట్టేసరికి ఎందుకు తేలిపోతుంది? కాటా తినేస్తోంది. వాడు తినిపిస్తున్నాడు. వాడు కాటాతో తింటే తను ఇసుకతో తినిపిస్తాడు, అంతే. పోయినేడాది నుంచి కాటా మరీ తినేస్తోందని ఒక గుప్పెడు కాస్తా రెండు గుప్పిళ్ళు చేశాడు. అయినా తూకం మారలేదు. చూడండి వాడెంత గజదొంగో.

దొరికితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. అక్క మొగుడు పాత కాగితాలు ఏరేవాడు. కట్టల మధ్య నీళ్ళు చల్లి తూకానికి తెచ్చాడని ఒకరోజు పట్టుకున్నారు. కొట్టలేదు, తిట్టలేదు. గేటు మూశారు. ఒక కొట్టువాడు మూస్తే మిగతా కొట్లవాళ్ళందరూ మూశారు. ఆ తర్వాత బావ మురిక్కాలవల్లో దిగి, ఆ నీళ్ళే ఛాతీలో చేరి పోయాడు. అక్క ఒక గుడ్డల మూటతో తమ్ముడి గుమ్మం ఎక్కింది. తమ్ముడి పెళ్ళాం అప్పటికే ఆయన మాటలు ఏడాది పాటు విని, పుట్టింటికని వెళ్ళి తిరిగి రాలేదు. అందుచేత ఇంట్లో వండేవాళ్ళు లేరు. అందుచేత అక్కకి చోటు దొరికింది.

"బావకి చేతకాలేదు" అనేవాడు తొక్కుడాయన, అక్క వడ్డిస్తుండగానే. "నీళ్ళు కనపడతాయి. నీళ్ళు ఎవడైనా పోస్తాడా?"

అక్క ఇంకో గరిటె వడ్డించేది. నోట్లో నాలుక లేని మనిషి. పొట్టిగా, వెడల్పుగా, ఎప్పుడూ తడిసిన చీర అంచుతో ఉండేది. నీళ్ళలో నాని నాని వేళ్ళ చివరలు ఉడికించినట్టు తెల్లబడి ఉండేవి. ఆవిడకి ఒకటే పిచ్చి. డబ్బాలు కడగడం. తమ్ముడు తిని పడుకోగానే బస్తాని పెరట్లోకి లాక్కెళ్ళి, కుళాయి కింద కూర్చుని కడుగుతుంది. ఎందుకే అంటే ఒకటే జవాబు. చీమలు పడతాయిరా.

చీమలట. తీపి నీళ్ళకి చీమలు పట్టకపోతే మరేం పడతాయి? పారేసిన డబ్బాలకి స్నానాలు చేయించే మనిషిని ఆయన ఎక్కడా చూడలేదు. అదొక్కటేనా, ఆ ఇంట్లో అన్నీ అలాంటివే. ఉన్న ఒక్క పెద్ద చెంచా కాడ వంకర పోయింది. గిన్నె అడుగు గీకమంటే నుయ్యి తవ్వినట్టు గీకితే వంకర పోదూ? ఇంటి ఓనరు ఇంకో దొంగ. సిమెంటంతా మింగేసి ఉత్త ఇసుకతో గోడ లేపాడు. కావాలంటే పెరట్లో కుళాయి పక్కన చూడండి, గోడ రాల్చిన ఇసుక గుట్టగా పడి ఉంటుంది. ఎన్నిసార్లు అక్క ఊడ్చి కాలవలో పోసినా మళ్ళీ గుట్ట. ఓనరు అద్దె కోసం వచ్చినప్పుడల్లా ఆ గుట్ట చూపించి తొక్కుడాయన నాలుగు దులిపేవాడు. ఆ ఓనరు గోడని వేలితో గీకి చూసుకుని, ఏమీ రాలక, బుర్ర గోక్కుంటూ వెళ్ళిపోయేవాడు.

ఇవాళ మధ్యాహ్నం బస్తాతో గుమ్మంలోకి వచ్చేసరికి అక్క పడుకుని ఉంది.

ఆ వేళప్పుడు పడుకున్న అక్కని ఆయన ఎప్పుడూ చూడలేదు. ఆ ఇంట్లో ఉన్నది ఒకటే గది. పొయ్యి ఒక మూల, ట్రంకుపెట్టె ఒక మూల, మధ్యలో చాప. చాప మీద గోడవైపు తిరిగి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని ఉంది. కంచం మీద మూత పెట్టి ఉంది. తమ్ముడు మూత తీసి చూసి, ఉప్పు తక్కువైందని తినకముందే అని, తిని, ఉప్పు తక్కువైందని మళ్ళీ అన్నాడు.

"ఒంట్లో బాగోలేదురా" అంది అక్క గోడతో చెప్పినట్టు. "ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంది."

"ఎండకి. అందరికీ అలాగే ఉంది" అని చేయి కడుక్కుని ఆయన తన చాప వేసుకున్నాడు. కాసేపు గురక పెట్టాడు.

ఆయన లేచేసరికి అక్క లేచి కూర్చుని ఉంది. గోడకి ఒక చెయ్యి ఆనించి బస్తా వైపు చూస్తోంది. పెరటి గుమ్మం దాకా దాన్ని లాగినట్టు నేల మీద గీత ఉంది. అంతకంటే లాగలేకపోయినట్టుంది. ఆయన వెళ్ళి బస్తా మూతి బిగించడం మొదలుపెట్టాడు.

"ఇవాళ తీసుకెళ్ళకురా" అంది. "రేపు కడిగి ఇస్తాను."

"డబ్బాలు కడిగితే నీకేమైనా పుణ్యం వస్తుందా?"

"చీమలు పడతాయి."

"చీమలు కూడా తూకానికే వస్తాయిలే." తను వేసిన జోకుకి తనే నవ్వుకుని తాడు బిగించాడు.

అక్క నవ్వలేదు. చెయ్యి చాచి బస్తా కొస పట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆవిడ ఆయన్ని దేనికీ ఆపింది లేదు. "నా మాట వినరా తమ్ముడూ. ఒక్కరోజు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆయనకి చిరాకు ముక్కు మీదికి వచ్చింది. రేపు శుభ్రం చేసి ఎల్లుండి అమ్మితే ఇవాళ తిండెక్కడిదని అడిగాడు. సమాధానం కోసం ఆగలేదు. ఆ తెల్లటి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, బస్తా భుజానికెత్తుకున్నాడు. ఆ లాగుడులో బస్తా అడుగు చిరిగి నాలుగైదు బిళ్ళలు నేల మీద పడి దొర్లాయి. వంగడానికి బద్ధకించి ఆ చిరుగుని గుప్పిట్లో పట్టుకుని బయటికి నడిచాడు.

దారిలో బస్తా బరువనిపించింది. రోజూ తిని పడుకుని లేచాక అదే బస్తా దూదిమూటలా ఉండేది. నిద్ర మనిషికి బలం అని టీ కొట్టు దగ్గర ఎన్నోసార్లు చెప్పాడు కూడా. ఇవాళ ఉప్పు లేని తిండి తిన్నాక బలమెక్కడి నుంచి వస్తుంది?

పాత సామాన్ల కొట్టు అంటే రేకుల షెడ్డు. ఒక పక్క ఇనుము, ఒక పక్క అట్టలు, వెనకాల డబ్బాలని నొక్కి దిమ్మలు చేసే ప్రెస్సు. కాటాయన ఏదో వ్యాను నుంచి పీకిన సీటు మీద కూర్చుని ఉన్నాడు. పొట్ట ఒళ్ళో పెట్టుకున్నట్టు ఉంటుంది. మాట తక్కువ. తొక్కుడాయన లోపల "దొంగ సచ్చినాడు" అనుకుని, పైకి "నమస్తే సార్" అన్నాడు.

బస్తా కాటా మీద పడింది. ముల్లు ఎప్పుడూ ఆగే చోట ఆగలేదు. ముందుకి పోయింది. చాలా ముందుకి పోయింది. తొక్కుడాయన గుండె గుర్రంలా ఎగిరింది. ఇవాళ కాటా తినడం మర్చిపోయినట్టుంది.

కాటాయన ముల్లు చూశాడు. తర్వాత బస్తా కింద నేల చూశాడు.

"ఏంటి పెద్దాయనా, బస్తా పొడిగా ఉంది?"

"ఎండ బాగా కాసింది సార్."

"ఎండ ఇవాళే కాసిందా?"

ఎప్పుడూ నీళ్ళు కారుతూ, కాటా పళ్ళెం కింద మడుగు కట్టించే బస్తా. ఆ మడుగు తుడవడానికే అక్కడ ఒక గుడ్డ ఉంచారు. ఇవాళ గుడ్డ పొడిగా, ముడుచుకుని పడి ఉంది. కాటాయన నిదానంగా లేచి, బస్తా మూతి విప్పకుండా, అడుగున చిరుగులోంచి ఒక బిళ్ళ లాగాడు. స్క్రూడ్రైవరుతో కంత ఎత్తి వంచాడు. ఇసుక సన్నగా, తీరిగ్గా, తొందరేమీ లేనట్టు కాటా పళ్ళెం మీదికి జారింది.

ప్రెస్సు దగ్గర పనిచేసేవాడు మిషన్ ఆపేసి వచ్చి చూశాడు. అట్టలు కట్టేవాళ్ళు తలెత్తారు. ఎవరో కిసుక్కుమన్నారు.

ఇక్కడ తెలివైనవాడైతే కాళ్ళు పట్టుకునేవాడు. మామూలు మనిషైతే ఎవరో పోసుంటారని బుకాయించేవాడు. తొక్కుడాయన రెండూ కాదు. అంతమంది ముందు నవ్వులపాలవడం ఆయన గడ్డానికి భరించరానిదైంది.

"ఇవాళే కొత్తగా పోశానా ఏంటి? రోజూ ఉన్నదేగా. ఇన్నాళ్ళూ కళ్ళు మూసుకుని కొనుక్కుని ఇవాళ నీతులా?" అన్నాడు.

ప్రెస్సువాడు గట్టిగా నవ్వాడు.

"రోజూ ఎక్కడన్నా? నీ బస్తా అంటే నేను చూడకుండా మిషన్లో వేస్తాను. ఇసుకుంటే ప్లేటు గీసుకుపోతుంది, నాకు తెలీదా? ఇన్నేళ్ళలో ఒక్క రేణువు పడితే ఒట్టు."

"పోశానంటుంటే" అన్నాడు తొక్కుడాయన. తను దొంగనని రుజువు చేసుకోవడానికి ఆయన పడుతున్న తాపత్రయం చూసి అట్టలవాళ్ళు కూడా పని మానేశారు.

కాటాయన నవ్వలేదు. పళ్ళెం మీది ఇసుకని అరచేత్తో ఒక పక్కకి తోశాడు.

"నా కాటా తింటుందని ఊరంతా చెప్తున్నావట. విన్నాను. పోనీలే, సరుకు శుభ్రంగా తెస్తాడు, నోరే మంచిది కాదు అనుకున్నాను." ఆగాడు. "మీ ఇంట్లో డబ్బాలు కడిగేది ఎవరు?"

"మా అక్క."

"రేపట్నించి ఆవిడ్ని పంపు. నువ్వు గేటు బయట ఉండు."

బస్తా ఎత్తి భుజాన పెట్టినవాడు కూడా లేడు. తనే ఎత్తుకున్నాడు. గేటు దాటాక వెనక గొళ్ళెం పడిన చప్పుడు వినిపించింది.

వీధి మలుపు తిరిగేదాకా ఆయనకి ఏమీ తోచలేదు. తర్వాత ఒక్కొక్కటీ తోచింది. తిని పడుకుని లేచాక తేలికయ్యే బస్తా. నుయ్యి తవ్వినట్టు వంకరపోయిన చెంచా. ఎంత ఊడ్చినా మళ్ళీ మొలిచే గోడ ఇసుక. బుర్ర గోక్కుంటూ వెళ్ళిన ఇంటి ఓనరు. తను గుప్పెడు పోస్తే అక్క గుప్పెడు తీసింది. తను రెండు పోస్తే రెండూ తీసింది. ఏళ్ళ తరబడి, రోజూ, తను గురక పెడుతుండగా.

ఇలాంటి చోట మరో మనిషికి సిగ్గేసేది. తొక్కుడాయనకి కోపం వచ్చింది. ఎంత మోసం! తన తెలివినంతా కుళాయి కింద పోసేసింది. చెప్పకుండా, ఒక్క మాటైనా అనకుండా! చెప్తే తను వినేవాడు కాదన్నది నిజమే, అయినా చెప్పాలిగా? టక్కూ తపక్కూ మంటూ నడుస్తూ, అనాల్సిన మాటలన్నీ వరసగా పేర్చుకున్నాడు. నా ఇంట్లో తిని నా నోటి దగ్గరి ముద్ద లాగేస్తావా అన్నది మొదటిది. మీ ఆయనకి ఉన్న పిరికితనం నీకూ అంటుకుంది అన్నది రెండోది. అన్నీ అనేశాక, రేపు పొద్దున్నే కొట్టుకి నడువు అని చివర్లో చెప్పాలి. అది చెప్పక తప్పదు. ఆవిడ రాకపోతే ఇక ఆ గేటు తెరుచుకోదు.

తలుపు తోసి మొదలుపెట్టాడు. చాప ఖాళీగా ఉంది. అయినా ఆపలేదు. మొదటిది గదిలో అన్నాడు, రెండోది పెరటి గుమ్మంలో అన్నాడు.

అక్క కుళాయి పక్కన గోడకి చేరబడి కూర్చుని ఉంది. కాళ్ళు చాపుకుని, గడ్డం ఛాతీకి ఆనించి, పనంతా అయ్యాక మనుషులు కూర్చునేట్టు. బస్తా చిరుగులోంచి పడిపోయిన ఆ నాలుగైదు బిళ్ళలు ఒళ్ళో ఉన్నాయి. కడిగి ఉన్నాయి. కుళాయి బొట్టు బొట్టుగా కారుతోంది.

"వింటున్నావా? గేటు మూశాడు వాడు" అన్నాడు.

కుళాయి కారుతోంది.

"రేపట్నించి నిన్నే రమ్మన్నాడు." ఈసారి గొంతు కాస్త తగ్గించాడు. "నిన్నయితేనే రానిస్తాడట."

దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుని లేపబోయాడు. చల్లగా ఉంది. నీళ్ళలో నానిన చెయ్యి చల్లగానే ఉంటుంది కదా అనుకున్నాడు. ఆయన జీవితంలో తప్పుగా అనుకున్నవాటిలో అది ఆఖరిది కాదు గానీ, అంత సేపు పట్టుకుని ఉన్నది మాత్రం అదొక్కటే. కడిగిన బిళ్ళ ఒకటి ఒళ్ళోంచి జారి గచ్చు మీద దొర్లి, ఆయన బూటు దగ్గర ఆగింది. తొక్కలేదు. బస్తా ఇంకా భుజం మీదే ఉంది. దించాలన్న సంగతి ఆయనకి తోచలేదు.

గోడ వారన ఇసుక గుట్ట నున్నగా ఉంది. ఇవాళ తీసిన ఇసుక పైన కొంచెం నల్లగా, ఇంకా తడిగా ఉంది. అందులో నిలువుగా గుచ్చి ఉంది పెద్ద చెంచా, వంకర తిరిగిన కాడ పైకి.